మాట దార్లో ఉన్నాది

మా అన్నయ్య పోయాడు. పేటలో దసరా పూజ పందిళ్ల కోసం లారీల్లోంచి వెదుళ్లు దింపుతున్న వారంలో, ఆస్పత్రిలో, మధ్యాహ్నం పూట పోయాడు. నేను బడిలో పాఠం చెబుతున్నాను. ఫోన్ చేసింది మా మావయ్య కొడుకు. ఆ పూట అన్నయ్య మంచం పక్కన కూర్చున్నది తనే. మావాళ్లు ఆడపిల్లను పిలిచినట్టే "గుంటా" అని పిలిచి ఆగిపోయాడు. వెనక వార్డులో ఎవరో బెంగాలీలో నర్సును పిలుస్తున్నారు. నేను తొందరపెట్టలేదు. మా ఇంట్లో తిరిగినవాళ్లెవరూ ఎదుటి మనిషి మాటను తొందరపెట్టరు. కాసేపటికి "బావ ఎలిపోయేడు" అన్నాడు.

అన్నయ్యకు ముప్పై ఇంకా నిండలేదు.

ఇది చదివే మీలో చాలామందికి మా అన్నయ్య తెలియదు. ఖిదిర్‌పూర్ బజారు వెనక మా సందులో ఉండేవాళ్లకు తెలుసు. గుమ్మం పక్కన చక్రాల కుర్చీలో, మెడ ఒక పక్కకు కొంచెం వాల్చి కూర్చుని, వచ్చేపోయేవాళ్లను పలకరించే మనిషి. బెంగాలీలు దాదా అనేవారు, బిహారీలు భయ్యా అనేవారు, మావాళ్లు వరసలు పెట్టి పిలిచేవారు. అందరికీ జవాబు వచ్చేది, కాకపోతే కొంచెం ఆలస్యంగా. అలవాటు లేనివాళ్లు ఆ జవాబు అందేలోపే సందు దాటిపోయేవారు. అలవాటైనవాళ్లు సైకిలు దిగి నిలబడేవారు.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడికి కార్పొరేషన్ పనికి వచ్చాడు. నాన్నదీ అదే పని. తెల్లారకముందే వీధులు ఊడ్చి చెత్త బళ్లకెత్తడం. నాన్న తన పెద్దక్క కూతుర్నే పెళ్లి చేసుకున్నాడు. మా వాళ్లలో అది ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. తెలిసిన పిల్ల, తెలిసిన ఇల్లు. తన పెళ్లిలో కొత్త చుట్టమంటూ ఒక్కరూ లేరని అమ్మ నవ్వుతూ చెప్పేది. ఆ మాట చెప్పి నవ్వడం తర్వాత ఎప్పుడో మానేసింది.

అన్నయ్య ఏడాదికే నడిచాడట. కానీ పడవలో నిలబడ్డ మనిషిలా ఊగుతూ నడిచేవాడట. పెద్దయితే అదే సర్దుకుంటుందని అందరూ చెప్పారు. నేను పుట్టి నడక నేర్చుకునేసరికి వాడికి ఐదేళ్లు దాటాయి. అప్పటికి వాడు గోడ పట్టుకోందే నడవలేకపోతున్నాడు. ఇద్దరం ఒకే గోడ పట్టుకుని ఎదురెదురుగా వచ్చేవాళ్లమని, మధ్యలో కలుసుకుని ఎవరు ఎవరికి దారివ్వాలో తెలియక అక్కడే చతికిలబడి నవ్వుకునేవాళ్లమని అమ్మ చెబుతుంది. కొన్నాళ్లకు నేను గోడ వదిలేశాను. అన్నయ్య పదేళ్లు నిండకముందే కుర్చీలోకి వచ్చేశాడు.

కాళ్ల సంగతి అలా ఉంటే, కళ్ల సంగతి ఇంకోలా ఉండేది. తెల్లగుడ్డు మీద ఎర్రటి సన్నటి నరాలు పాకి ఉండేవి. కళ్లకలకను ఇక్కడ జోయ్ బాంగ్లా అంటారు. బడిలో మాస్టారు చూసిన ప్రతిసారీ జోయ్ బాంగ్లా వచ్చింది, మిగతా పిల్లలకు అంటుకుంటుందని ఇంటికి పంపేసేవాడు. అన్నయ్యకు నొప్పి లేదు, మంట లేదు, చదువుకోవాలని మాత్రం ఉంది. అమ్మ చెయ్యి పట్టుకుని వెనక్కి వచ్చేవాడు. దానికి తోడు వానలు మొదలైతే చాలు, జ్వరం, దగ్గు. అది గుండెల్లోకి దిగడం, ఆస్పత్రిలో పడుకోబెట్టడం. మా చిన్నతనంలో వానాకాలం అంటే అమ్మ లేని ఇల్లు. నాన్న వండిన గంజి.

ఎంతమంది డాక్టర్లకు చూపించారో లెక్కలేదు. పోలియో అన్నారు, నరాల నీరసం అన్నారు, బలానికి టానిక్కులు రాశారు. మస్తాన్ బాబా దర్గాలో తాయెత్తు కట్టించారు, కాళీ గుడిలో మొక్కుకున్నారు. చివరికి పిల్లల ఆస్పత్రిలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు ఆవిడ అన్నయ్యను నడవమనలేదు. ముందు కళ్లు చూసింది. తర్వాత చెవుల వెనక చూసింది. తల తిప్పకుండా తన వేలు ఎటు వెళితే అటు చూడమంది. అన్నయ్య చూపు వేలి వెనక పరిగెత్తలేక తడబడింది. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, అమ్మానాన్నలను కూడా కూర్చోమంది. రక్తపరీక్షలు చేయించాక మళ్లీ పిలిచి అంతా చెప్పింది.

ఒళ్లు తూలిపోకుండా చూసుకునేది చిన్నమెదడనీ, అన్నయ్యకు అది ఎదగవలసినట్టు ఎదగడం లేదనీ, ఉన్నది కూడా తరిగిపోతోందనీ చెప్పింది. అదే లోపం వల్ల కళ్ల మీద ఆ ఎర్ర నరాలు వచ్చాయట, రోగాలను ఎదుర్కొనే శక్తి కూడా రక్తంలో తగ్గిపోయిందట. ఇది అంటుకునేది కాదు, ఎవరి దిష్టీ కాదు, పుట్టుకతో వచ్చింది. అమ్మ వైపు నుంచి ఒకటి, నాన్న వైపు నుంచి ఒకటి, లోపమున్న రెండు జన్యువులు ఒకే బిడ్డలో కలిస్తే వస్తుంది. ఒక్కటే ఉన్నవాళ్లకు పైకి ఏమీ తెలియదు. తెలివికి మాత్రం ఏ లోటూ లేదని, అబ్బాయికి మనం మాట్లాడుకునేదంతా అర్థమవుతోందని కూడా ఆవిడే చెప్పింది. జబ్బు పేరు అటాక్సియా టెలాంజియెక్టేసియా. నాన్న ఆ పేరు పలకడానికి రెండుసార్లు ప్రయత్నించి వదిలేశాడు. అప్పుడు కుర్చీలోంచి అన్నయ్య మొదలుపెట్టాడట. ఒక్కో అక్షరాన్నీ పట్టి పట్టి, మధ్యలో ఊపిరి తీసుకుని, మొత్తం పలికాడు. డాక్టరమ్మ కదలకుండా చివరిదాకా విన్నది. తనకు నాన్న తర్వాత అంత ఇష్టమైన మనిషి ఆవిడేనని అన్నయ్య ఎన్నోసార్లు చెప్పాడు. ఎందుకంటే, "ఆవిడ నా మాట లాక్కోనేదు" అనేవాడు.

మాట లాక్కోవడం అన్నది మా ఇంట్లో పెద్ద తప్పు. అన్నయ్య నాలుక బరువుగా కదిలేది. మనసులో మాట తయారుగా ఉన్నా నోట్లోంచి రావడానికి సమయం పట్టేది. వినేవాళ్లు సాయం చేద్దామని వాక్యం చివర తామే పూర్తిచేసేవారు. చాలాసార్లు తప్పు పూర్తిచేసేవారు. అప్పుడు అన్నయ్య చెయ్యి కొంచెం పైకెత్తి, "మాట దార్లో ఉన్నాది" అనేవాడు. అంటే ఆగమని. వస్తుందని. మళ్లీ మొదటినుంచి చెప్పేవాడు. విసుక్కోవడం మాత్రం ఎప్పుడూ చూడలేదు.

నాన్న సంగతి ఇక్కడ చెప్పాలి. డాక్టరమ్మ చెప్పిన జాగ్రత్తల్లో దుమ్ముకూ చెత్తకూ దూరంగా ఉంచమన్నది ఒకటి. నాన్న పనే దుమ్మూ చెత్తా. ఆ రోజు ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడట. మర్నాటి నుంచి పని నుంచి వచ్చి సందు చివరి కుళాయి దగ్గర ఆగడం మొదలుపెట్టాడు. చలికాలమైనా అక్కడే తలస్నానం చేసి, బట్టలు అక్కడే ఉతికి, అమ్మ అందించిన పొడి లుంగీ కట్టుకుని లోపలికి వచ్చేవాడు. వచ్చాక కూడా అన్నయ్య దగ్గరకు వెళ్లడానికి సంకోచించేవాడు. గుమ్మంలో నిలబడి తన చేతుల వైపు చూసుకునేవాడు. అన్నయ్య లోపలి నుంచి, "నాన్నా, రా. నీ సేతులు మా అందరి సేతులకన్నా సుబ్బరంగా ఉంటాయి" అనేవాడు. ఆ వాక్యం పూర్తయ్యేదాకా నాన్న గుమ్మంలోనే ఉండేవాడు, పూర్తయ్యాక లోపలికొచ్చి ఎత్తుకునేవాడు. తర్వాత తన పైవాళ్లను బతిమాలి నీళ్ల పంపు దగ్గర పని వేయించుకున్నాడు. ఇప్పుడు రిటైరైపోయాడు. అయినా బయటికెళ్లి వస్తే ఇవాళ్టికీ ముందు కుళాయి దగ్గరికే వెళ్తున్నాడు. అమ్మ పొడి లుంగీ అందిస్తూనే ఉంది.

నెలకోసారి అన్నయ్యను ఆస్పత్రికి తీసుకెళ్లి సెలైన్ లాగా ఒక మందు ఎక్కించేవారు. ఎంతోమంది దానం చేసిన రక్తంలోంచి రోగాలతో పోరాడే పదార్థాన్ని వేరుచేసి తయారుచేస్తారట. తనకు లేని శక్తిని ఆ నెలకు వాళ్లందరి దగ్గర్నుంచి అప్పు తెచ్చుకోవడమన్నమాట. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి అన్నయ్యకు అదొక వేడుక. మందు ఎక్కించుకుని వచ్చిన సాయంత్రం కుర్చీలో వెనక్కి వాలి, "ఈ నెల నాలో బెంగాలీలు ఎక్కువ పడ్డారు కామోసు. మిఠాయి మీదికి పోతంది మనసు" అనేవాడు. ఇంకో నెల పంజాబీలు పడ్డారని రొట్టెలు అడిగేవాడు. అమ్మ ఏది అడిగితే అది చేసేది. ఎక్స్‌రేలు తన ఒంటికి మంచివి కావని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి, కొత్త ఆస్పత్రిలో ఎవరైనా వెంటనే ఎక్స్‌రే రాస్తే తానే అడ్డుపడేవాడు. "నాకు ఫోటోలు పడవు. తప్పదంటే తీయండి" అనేవాడు. ఆ కుర్ర డాక్టర్లు మొదట నవ్వి, తర్వాత కాగితాలు చదివి, సరే దాదా అనేవారు.

నేను తెలుగు రాస్తున్నానంటే దానికి అన్నయ్యే కారణం. మా పేటలో పిల్లలం ఇంట్లో తెలుగు, సందులో హిందీ, బడిలో బెంగాలీ. తెలుగు అక్షరాలు ఎవరికీ రావు. అన్నయ్యకేమో కథలంటే ప్రాణం. తానే చదువుదామంటే చూపు వరుస మీద నిలవదు, ఒక లైనులోంచి ఇంకో లైనులోకి జారిపోతుంది. అందుకని నన్ను సాయంత్రం నడిచే తెలుగు బడికి తోలాడు. ఆటలు మానుకుని వెళ్లడం నాకిష్టం లేదు. ముందు ఒక పద్యం నేర్చుకుని వచ్చి తనకు చెప్పమన్నాడు. తర్వాత ఒక పేజీ. తర్వాత ఎవరో ఇచ్చిన పాత వారపత్రికల కట్ట. నేను తడుముకుంటూ చదివేదాన్ని, అన్నయ్య కళ్లు మూసుకుని వినేవాడు. ఎప్పుడైనా బద్ధకించి ఒక ముక్క దాటవేస్తే వెంటనే చెయ్యి లేచేది. "ఇందాక ఆవిడ వంటింట్లో ఉన్నాది. వీధిలోకి ఎప్పుడొచ్చింది?" అనేవాడు. నేను మళ్లీ వెనక్కెళ్లి ఆవిడను వంటింట్లోంచి బయటికి తీసుకురావలసి వచ్చేది. అలా ఒక ముక్కా వదలకుండా చదవడం వచ్చింది. చదవడం వచ్చాక రాయడం వచ్చింది. నేను రాసిన ప్రతిదీ ముందు అన్నయ్య విన్నాడు. ఇదొక్కటే వినలేదు.

ఇప్పుడు నా పెళ్లి మాటల సంగతి. అన్నయ్య ఎలాంటి మనిషో దీంతో తెలుస్తుంది.

మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, హౌరాలో టికియాపారా రైల్వే క్వార్టర్లలో ఉంటాడు. ఆయన కొడుకునే నేను బావ అంటాను. అన్నయ్య ఈడువాడు. ఊహ తెలిసినప్పటి నుంచి ప్రతి ఆదివారం గంగ దాటి మా ఇంటికి వచ్చేవాడు. అన్నయ్య చేతులు నిలకడగా ఉండవు కాబట్టి గడ్డం గీయడం బావ పని. ఒక చేత్తో గడ్డం పట్టుకుని, అన్నయ్య తల ఎటు ఊగితే అటు తన చెయ్యి ఊపుతూ, ఒక్క గాటు పడకుండా గీసేవాడు. ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. నాకూ బావకూ పెళ్లని ఇంట్లో ఎప్పుడో అనేసుకున్నారు. మాకూ ఇష్టమే. నేను చదువు ముగించి బడిలో చేరాక మావయ్య పళ్లూ పసుపూ కుంకుమా పట్టుకుని వచ్చాడు. ముహూర్తం ఒకటే మిగిలిందన్నట్టు అందరూ నవ్వుతూ కూర్చున్నారు. అమ్మ టీ ఇచ్చింది.

అప్పుడు అన్నయ్య చెయ్యెత్తాడు. "మావయ్యా, నాకో మాటున్నాది" అన్నాడు.

అందరూ ఆగారు. అన్నయ్య చెప్పిందిది: "ఆడపిల్ల అన్నగా అడుగుతున్నాను. పెళ్లికి ముందు బావా, ఇదీ ఇద్దరూ రక్తం పరీక్ష సేయించుకోవాల. నాకొచ్చింది వీళ్లలో దాగుందేమో సూసుకోవాల." రాస్తే ఇది మూడు ముక్కలు. అన్నయ్య నోటితో టీల మీద మీగడ కట్టేంత సేపు పట్టింది. ఆ సేపంతా మావయ్య మొహం మారుతూ వచ్చింది. తన ఇంట్లో అందరూ రాళ్లలా ఉన్నారనీ, తన రక్తానికి వంక పెడతావా అనీ అడిగాడు. అన్నయ్య జవాబు మొదలుపెట్టేలోపే, "నీకు ఒంట్లో బాగునేదు. ఇయ్యన్నీ నీకెందుకురా?" అన్నాడు.

"కాళ్లకి బాగునేదు మావయ్యా. అన్నతనానికి బాగానే ఉన్నాది."

నాన్న నేల చూపులు చూశాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మావయ్య తెచ్చిన పళ్లు అక్కడే వదిలి, టీ ముట్టకుండా లేచి వెళ్లిపోయాడు. వెనకే బావ కూడా, వెనక్కి చూస్తూ చూస్తూ వెళ్లాడు.

నాకు బాధ వేసింది. పెళ్లి ఆగినందుకే కాదు, మనసులో ఇంకొకటి కలుక్కుమంది. మర్నాడు అన్నయ్యకు అన్నం కలిపి పెడుతూ అడిగేశాను. ఆ పరీక్ష చేయించుకోవడమంటే నీలాంటివాడు పుట్టకూడదని నేను ఒప్పుకోవడం కాదా అని. నువ్వు మాకు అక్కర్లేదని చెప్పినట్టు కాదా అని. అన్నయ్య ముద్ద మింగి, నీళ్లు తాగి, మాట కోసం కాసేపు ఆగాడు.

"నన్ను వొద్దనుకోడం కాదే అది. ఈ దగ్గుని వొద్దనుకోడం" అన్నాడు. మళ్లీ ఊపిరి తీసుకుని, "నాను బాగానే బతికేను. మీరంతా ఉన్నారు. కానీ అమ్మ ఎప్పుడేనా వాన సూసి సంతోషపడిందేటి? నువ్వు వానలో తడవాల. నీ పిల్లలు తడవాల" అన్నాడు.

ఆ ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. అన్నయ్య నోరు తెరిచి గుర్తుచేశాడు.

కొన్ని వారాలు మా రెండిళ్ల మధ్యా మాటల్లేవు. ఆదివారాలు నాన్న గడ్డం గీశాడు, గాట్లు పడ్డాయి. తర్వాత ఒక ఆదివారం బావ వచ్చాడు. ఎవరితోనూ ఏమీ అనకుండా నీళ్లూ సబ్బూ తెచ్చుకుని అన్నయ్య ముందు కూర్చున్నాడు. గీయడం పూర్తయ్యాక తువ్వాలుతో మొహం తుడుస్తూ, ఆ పరీక్ష ఎక్కడ చేస్తారు బావా అని అడిగాడు.

ఇద్దరం చేయించుకున్నాం. ఫలితాలు చెప్పడానికి డాక్టరమ్మ మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. లోపమున్న జన్యువు నాలో ఒకటి ఉంది. బావలోనూ ఒకటి ఉంది. విడివిడిగా మా ఆరోగ్యానికి పెద్ద చిక్కు లేదు, నేను మాత్రం ఏటేటా రొమ్ము పరీక్ష చేయించుకుంటూ ఉండాలంది. కలిసి పిల్లల్ని కంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. గర్భంలో ఉండగానే పరీక్ష చేసి తెలుసుకోవచ్చు, అలా చేసుకుని పిల్లల్ని కన్నవాళ్లూ ఉన్నారు, నిర్ణయం మీదే, తొందరేమీ లేదు అని చెప్పింది. బయటికొచ్చి ఆస్పత్రి గోడ పక్కన లెబు చా కొనుక్కుని నిలబడ్డాం. ఆ నిమ్మకాయ టీ బావ చేతిలోనే చల్లారిపోయింది.

"ప్రతిసారీ నువ్వు ఆ పరీక్షకి లోపలికెల్లడం, నాను బయట కూకోడం. నానది సూడలేను గుంటా" అన్నాడు చివరికి.

నాకూ ఆ ధైర్యం లేదని చెప్పాను. మా ఇద్దరికీ వానాకాలం అంటే ఏమిటో బాగా తెలుసు. ఖిదిర్‌పూర్ బస్సులో పక్కపక్కనే కూర్చుని వచ్చాం. సందు మొదట్లో బావ దిగకుండా ముందుకు వెళ్లిపోయాడు.

నేను చెప్పింది విని అన్నయ్య ఆ రోజు అన్నం తినలేదు. "ఇద్దరికీ ఉండదనుకున్నాను" అన్నాడు. ఇంకాసేపటికి, "నాను తప్పు సెప్పేనేటి?" అని అడిగాడు. అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ అన్నయ్య నన్ను అలా అడగడం నేను వినలేదు. లేదన్నయ్యా అన్నాను. ఆ ఒక్క మాట నమ్మించడానికి నాకు చాలాసేపు పట్టింది. చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

తర్వాతి ఆదివారం బావ వచ్చాడు. ఆ తర్వాతి ఆదివారమూ వచ్చాడు. ఇక మానలేదు.

మావయ్య రావడానికి ఇంకో వానాకాలం పట్టింది. దగ్గు మళ్లీ గుండెల్లోకి దిగి అన్నయ్య ఆస్పత్రిలో ఉన్నాడు. మావయ్య చెప్పులు బయట విడిచి, చేతులు రెండుసార్లు కడుక్కుని, మూతికి గుడ్డ కట్టుకుని మంచం దగ్గరకు వచ్చాడు. చాలాసేపు దుప్పటి అంచు సర్దుతూ నిలబడ్డాడు. "మా సిన్నమ్మాయికి సంబంధం వొచ్చింది. దానిక్కూడా పరీక్ష సేయించేనురా" అన్నాడు. అన్నయ్యకు అప్పుడు మాట్లాడే ఓపిక లేదు. మావయ్య వేలు పట్టుకున్నాడు. మావయ్య వేలు విడిపించుకోకుండా, నిలబడే, నర్సు వచ్చి వెళ్లమనేదాకా ఉన్నాడు.

ఆ మాట మావాళ్లలో పాకింది. టికియాపారా నుంచి, బడ్జ్ బడ్జ్ జూటు మిల్లు కూలీ లైన్ల నుంచి మేనరికం సంబంధాలు అనుకునేవాళ్లు మా గుమ్మం దగ్గరికి రావడం మొదలైంది. అన్నయ్య ఎవరికీ పెళ్లి వద్దని చెప్పలేదు. జబ్బు ఎలా వస్తుందో తనకు తెలిసినంత చెప్పి, డాక్టరమ్మ దగ్గరికి పంపేవాడు. ఒకసారి బడ్జ్ బడ్జ్ నుంచి ఒక తల్లి బిడ్డను చంకనేసుకుని వచ్చింది. బిడ్డ ఊగుతూ నడుస్తున్నాడని, ఎవరి పాపమోనని ఏడ్చింది. "పాపం కాదమ్మా. నన్ను సూడు, నాను పాపంలాగ ఉన్నానా?" అని అన్నయ్య అడిగాడు. ఆ మాట అంతా పలికేదాకా ఆవిడ ఏడుపు ఆపి ఎదురుచూసింది. పిల్లవాడికి ఆ జబ్బు లేదని తర్వాత తేలింది. కాళ్లకు వేరే చిన్న లోపం, సరిచేశారు. అయినా ఆవిడ పండక్కి కొత్త చొక్కా తెచ్చి అన్నయ్యకు తొడిగి వెళ్లేది.

నాకు తర్వాత పెళ్లయింది. ఆయనది వరంగల్ వైపు, సాల్ట్ లేక్‌లో కంప్యూటర్ ఉద్యోగం. మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు అన్నయ్య ఏదో అడగబోతుంటే, ఆయన ముందుగానే తన ఉద్యోగం గురించి గబగబా చెప్పేశాడు. అన్నయ్య చెయ్యెత్తాడు. మాట దార్లో ఉన్నాదన్నాడు. ఆయన ఆగాడు. తీరా వచ్చిన మాట, మీకు చేపల పులుసు ఇష్టమేనా అని. ఆయన నవ్వి, "మంచిగ తింట బావా" అన్నాడు. ఆ 'మంచిగ' అన్నయ్యకు తెగ నచ్చింది. ఆ రోజు నుంచి మందు ఎక్కించుకుని వచ్చినప్పుడల్లా, ఈ నెల తెలంగాణావాళ్లు పడ్డారని చెప్పి అన్నిటికీ 'మంచిగ' తగిలించేవాడు. నా కూతురికి ఇప్పుడు రెండేళ్లు. మొన్నటి మొదటి వానకు నేను దాన్నెత్తుకుని సందులోకి వెళ్లి నిలబడ్డాను. అన్నయ్య లోపలి నుంచి, కిటికీ అద్దం వెనక నుంచి, మమ్మల్ని చూశాడు. ఆ రోజు అమ్మ కూడా గుమ్మంలోకి వచ్చి చెయ్యి చాపి వాన చుక్కలు పట్టుకుంది.

ఆ వానలు సగమయ్యేసరికి అన్నయ్య బాగా చిక్కిపోయాడు. మింగడం కష్టమైంది. మాటలు ఇంకా నెమ్మదించాయి, ఒక్కోసారి దారిలోనే ఉండిపోయేవి. అయినా మేము ఆగేవాళ్లం. ఆస్పత్రికి వెళ్లడానికి కొన్నాళ్ల ముందు ఒక ఆదివారం గడ్డం గీయించుకుంటూ, ఓడ చూడాలన్నాడు. ఓడలు వచ్చి ఆగే డాక్‌కు ఇంత దగ్గరలో పుట్టి పెరిగి, దుమ్ముకు భయపడి తనను ఎవరూ ఎప్పుడూ అక్కడికి తీసుకెళ్లలేదు. అమ్మ మొదట వద్దంది. తర్వాత తానే మాస్కు కట్టి, తల చుట్టూ తన పాత చీర ముక్క చుట్టి, మోకాళ్ల మీద దుప్పటి కప్పింది. బావ కుర్చీ తోశాడు. నేను పక్కన నడిచాను.

గంగకు పోటు వచ్చిన వేళ. మేము వెళ్లేసరికి, ఓడ దాటడానికి వీలుగా రోడ్డు వంతెనను పక్కకు తిప్పి ఉంచారు. రెండు వైపులా బస్సులూ లారీలూ బారులు తీరి ఇంజన్లు ఆపేసుకున్నాయి. కండక్టర్లు దిగి బీడీలు కాల్చుకుంటున్నారు. ఇనుప ఊచల దగ్గర బావ కుర్చీకి బ్రేకు వేశాడు. ఓడ చాలా నెమ్మదిగా వచ్చింది, ఒక ఎర్రటి గోడ కదిలి వస్తున్నట్టు. ఎంత దగ్గరగా అంటే దాని నుంచి తుప్పు వాసన, ఎవరో వండుతున్న ఉల్లిపాయల వాసన వచ్చింది. పైన రెయిలింగు దగ్గర ఒకతను ఉతికిన చొక్కా ఆరవేస్తున్నాడు. కింద కుర్చీలో ఉన్న మనిషిని చూసి చెయ్యి ఊపాడు.

అన్నయ్య చెయ్యెత్తడం మొదలుపెట్టాడు. ముందు దుప్పటి కిందనుంచి వేళ్లు వచ్చాయి, తర్వాత మణికట్టు. మోచెయ్యి కుర్చీ చేతికి తగిలి జారింది. మళ్లీ మొదలుపెట్టాడు. నేను పట్టుకోబోతే బావ కళ్లతో వద్దన్నాడు. ఓడ ముందుకు సాగిపోయింది. ఆ చొక్కా చిన్నదైపోయింది. వంతెన గరగరమంటూ తిరిగి తన చోటికి వచ్చి కలిసింది. బస్సులు హారన్లు కొట్టాయి, మనుషులు మా పక్కనుంచి తోసుకుంటూ వెళ్లడం మొదలుపెట్టారు. అప్పటికి చెయ్యి పైకి వచ్చింది. బావ బ్రేకు తీయలేదు. తలకు అమ్మ చీర ముక్కతో, మాస్కు కింద నవ్వుతూ, ఓడ వెళ్లిన వైపు అన్నయ్య ఆ చేతిని చాలాసేపు అలాగే పైన ఉంచాడు.